గుసగుస గొంతెత్తిన మధ్యాహ్నం

అది జూలై తొమ్మిదో తేదీ, మంగళవారం. నాలుగు రోజులుగా పట్టిన ముసురు ఆనాటికీ వదలలేదు. గోడలు చెమ్మగిల్లాయి, అగ్గిపుల్ల గీస్తే అంటుకోవడం లేదు, ఉతికిన బట్టలన్నీ గదుల్లో కట్టిన తీగల మీద వేలాడుతున్నాయి. సరిగ్గా భోజనాల వేళ, మేము అద్దెకుంటున్న మేడ కింది వాటాలో ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే అందరు పిల్లల్లాగే నోరు తెరిచి కేరుమంది. వెంటనే నాయనమ్మ ఆ పసిగుడ్డు మీదికి వంగి, పెదవులపై వేలుంచుకొని, "ష్! నాన్న పడుకున్నాడు" అన్నది.

ఈ లోకంలో ఆమె విన్న తొలి మాట అదే. "ష్" మాటేనా అని పాఠకులు అడగవచ్చు. అచ్చు తోడు లేని హల్లు నిలబడలేదని పిల్లలకు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి నేను. అయినా ఆ ఒంటరి హల్లు ఆ ఇంటిని పందొమ్మిదేళ్ళు పరిపాలించడం కళ్ళారా చూశాను గనుక, దానికి మాట హోదా ఇవ్వక తప్పదు.

కన్నబిడ్డ పుడుతుంటే ఆ తండ్రికి నిద్ర ఎలా పట్టిందని ఆయన్ను తప్పుపట్టకండి. ఆయన దినపత్రిక కార్యాలయంలో అచ్చుయంత్రం నడిపేవాడు. పత్రిక పొద్దున్నే చదువుకోవాలంటే రాత్రంతా అచ్చు కావాలి కదా. దీపాలు పెట్టే వేళకు సైకిలెక్కి వెళ్ళేవాడు, పాలు వచ్చే వేళకు తిరిగి వచ్చేవాడు. ఆ రోజు కూడా అలాగే వచ్చి, "ఇంకా టైముందిలేరా, కాసేపు నడుం వాల్చు" అని తల్లి అంటే వాల్చాడు. అంతే.

ఆయన భార్య, ఆ ఇల్లాలు, పగటిపూట ఇల్లు నడిపిన తీరు చూసి తీరవలసినది. తలుపు గొళ్ళాలకు వారం వారం నూనె పట్టించేది. గిన్నె దించే ప్రతిచోటా ముందే మడతపెట్టిన గుడ్డ ఉండేది. కుర్చీల కాళ్ళకు పాత మేజోళ్ళు తొడిగింది. కుళాయి మూతికి ఒక పేలిక కట్టింది. నీళ్ళు ఆ పేలిక వెంబడి బకెట్లోకి చప్పుడు లేకుండా జారేవి. పోస్టుమాన్ కూడా అలవాటు పడి, కిటికీ రెక్కను గోటితో గీకేవాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించే ఇల్లంటారే, ఆ ఇంట్లో చీమలు సైతం జాగ్రత్తగా నడిచేవేమో.

ఇదంతా సాయంత్రం వరకే. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగిందో లేదో, గిన్నెలు గిన్నెల్లా మోగేవి. నాయనమ్మ పొద్దుటినుంచి ఆపుకొన్న దగ్గంతా ఒక్కసారి దగ్గేది. అప్పుడు ఆ పిల్ల పాట మొదలుపెట్టేది. అది గొంతు కాదు, గాలిదుమారం. పైన మా గదిలో బల్ల మీద పెన్ను దొర్లేది.

"మెల్లగానే, పైన మాస్టారు పేపర్లు దిద్దుకుంటున్నారు!" అని తల్లి కింద నుంచి అరిచేది. ఆ అరుపు పాటకంటే పెద్దగా ఉండేది.

ఇంట్లో రోజూ ఇంత సందడి జరుగుతున్నట్టు తండ్రికి తెలియదు. ఆయన సెలవు రాత్రుల్లో మేలుకొనే సరికి ఇల్లంతా నిద్రపోయి ఉండేది. ఆయన ఎరిగిన కూతురు పిల్లిలా నడిచే పిల్ల, పెదవులతో మాట్లాడే పిల్ల. ఆయన కూడా ఇంట్లో ఎంతో మృదువుగా మాట్లాడేవాడు. పొద్దుట మెట్ల దగ్గర కనిపిస్తే, ఆనాటి పత్రికలోని తప్పులకు ఎర్రసిరాతో సున్నలు చుట్టి ఆయనకు చూపించేవాణ్ణి. సిరా వాసన వేసే చేతులతో పత్రిక అందుకొని, "నేను అచ్చేసేవాణ్ణే కాని రాసేవాణ్ణి కాదు కదండీ మాస్టారూ" అని నాకే వినిపించేంత గొంతుతో అనేవాడు.

బళ్ళో ఆ పిల్ల నా తరగతికే వచ్చింది. బడి పగలు కదా! హాజరు పిలిస్తే పెదవుల కదలిక చూసి వేసుకోవలసి వచ్చేది. తోటి పిల్లలు ఆమెకు "గుసగుస" అని పేరు పెట్టారు. ఈ రోజు నాలుగు భాషల పోస్టర్ల మీద ఆమె పేరు ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, మా వీధికి ఆమె గుసగుసే. నాయనమ్మ పోయాక కూడా ఆ ఇంటి పగళ్ళు మారలేదు. ముసలామె పెట్టిన పద్ధతిని కోడలు మరింత శ్రద్ధగా నడిపింది.

పద్దెనిమిదో ఏట గుసగుస ఒక సంగీత బృందంలో చేరింది. రాక్ సంగీతమని వాళ్ళ మాట. ఆ సంగీతం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు; పాడేటప్పుడు విభక్తి ప్రత్యయాలను మింగేస్తారన్నదొక్కటే బాధ. "కొరకు"ను మింగేసినవాడు ఎవరి కొరకు పాడుతున్నట్టు? సరే, అది వేరే వ్యాసం. బృందానికి పెద్ద ఒక కారు మెకానిక్. అతడే గిటారు వాయించేవాడు. సాయంత్రం షెడ్డు మూసేశాక, జాకీల మధ్య, టైర్ల మీద కూర్చొని సాధన చేసేవారు. ఆమె గొంతెత్తితే పైకప్పు రేకులు బదులు పలికేవట. కూతురు పాడుతుందన్న కబురు తండ్రికి తెలుసు గాని, ఆ పాట ఆయన ఎన్నడూ వినలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, పాటల రికార్డులు చేసే సంస్థవాళ్ళు కొత్త బృందాలను ఎంపిక చేయడానికి పట్నపు హాలుకు వచ్చారు. వీళ్ళ వంతు మధ్యాహ్నం రెండు గంటలకు పడింది.

గుసగుస మైకు ముందు నిలబడింది. గిటారు మోగింది, డ్రమ్ములు మోగాయి. ఆమె నోరు తెరిచింది. గొంతు పెగలలేదు. పెదవులు ఆడుతున్నాయి, ఊపిరి వస్తోంది, పాట మాత్రం పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు వస్తోంది. పుట్టిన్నాటి నుంచి ఎండ ఉండగా గొంతెత్తని పిల్ల ఆమె. ఆ కంఠానికి పగలంటే నాన్న నిద్రే.

ఎంపిక చేసే పెద్దమనిషి కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, మైకు పనిచేయడం లేదా, నువ్వు పనిచేయడం లేదా?" అన్నాడు.

మెకానిక్ బతిమాలాడు. చివరి రోజైన శనివారం ఒక పావుగంట ఖాళీ ఉందన్నారు. అదీ మధ్యాహ్నమే.

బయటికి వచ్చాక మెకానిక్ ఆమెతో, "రేకులు లేపేసేదానివి, ఏమైందే నీకు?" అన్నాడు. "చూడూ, తప్పుగా అనుకోకు. శనివారం కూడా ఇంతే అయితే నేను ఇంకో గొంతు వెతుక్కోవాలి. మిగతా ముగ్గురి ఆశలూ దీని మీదే ఉన్నాయి."

సంగతి తెలిసి, పగలు మా డాబా మీద సాధన చేసుకోమన్నాను. వచ్చింది. ఆకాశం కేసి తిరిగి నోరు తెరిచింది. అంతలోనే కిందికి, తండ్రి పడుకున్న గది మూసిన కిటికీ వైపు చూసింది. గుసగుసే వచ్చింది. "రావట్లేదండీ మాస్టారూ" అని, అదీ గుసగుసగానే చెప్పి దిగిపోయింది.

శుక్రవారం నడి మధ్యాహ్నం తండ్రికి మెలకువ వచ్చింది. తర్వాత ఆ ఇల్లాలు నాతో చెప్పిన మాట ఇది: చప్పుడుకు లేవని మనిషి, ఆ రోజు ఇంటి నిశ్శబ్దం తేడాగా ఉందని లేచాడట. వంటగదిలోకి వచ్చి చూస్తే కూతురు మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడుస్తోంది.

"ఏమైంది?" అన్నాడు మెల్లగా.

"హాల్లో పాడలేకపోయిందండీ," అన్నది భార్య అంతకన్నా మెల్లగా. "మధ్యాహ్నమైతే దీనికి గొంతు రాదట."

"మధ్యాహ్నమైతే రాదా? ఇదేం రోగం?"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. "నీ నిద్ర కోసమే" అని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

శనివారం పొద్దున పని నుంచి వచ్చిన ఆ తండ్రి పడుకోలేదు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, "నేనూ వస్తాను" అన్నాడు. పట్టపగలు ఆయన నిలువునా మేలుకొని వీధిలో నడుస్తుంటే, ఎదురింటివాళ్ళు ఎవరో కొత్త చుట్టమనుకొన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ముందు వరుసలో ఆయన, పక్కన భార్య, ఆ పక్కన నేను.

గుసగుస వేదిక ఎక్కింది, తండ్రిని చూసింది. అలవాటు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. ఎదుట ఆయన కనబడేసరికి, ఉన్న ఆ కాస్త ధ్వనీ ఇంకిపోయింది. మైకు ముందు ఒట్టి పెదవులు కదులుతున్నాయి. మెకానిక్ ఒకసారి వాయించి ఆపాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. పెద్దమనిషి గడియారం చూసుకొన్నాడు.

అప్పుడు మా పక్కనున్న మనిషి లేచాడు.

"అమ్మాయ్! వినపడ్డం లేదే! గట్టిగా పాడూ!"

హాలు అద్దాలు ఘల్లుమన్నాయి. ఆ పెద్దమనిషి కుర్చీలో ఎగిరిపడ్డాడు. నా పక్కన ఇల్లాలు రెండు చేతులతో చెవులు మూసుకొని, నోరు తెరిచి భర్త వైపు చూస్తోంది. రాత్రంతా అచ్చుయంత్రాల హోరును దాటి, ఆ చివరనున్న మనిషికి ఆజ్ఞలు వినిపించే గొంతు అది. ఇంతకాలం కాపురం చేసిన ఆమెకు ఆ గొంతు తెలియదు. మేడ మీద సాయంత్రాలన్నీ కూర్చొని విన్న నాకు మాత్రం తెలుసు. కూతురిది అదే గొంతు.

గుసగుస కళ్ళు పెద్దవి చేసుకొని చూసింది. తర్వాత మైకులోకి, హాలంతా మారుమోగేలా అడిగింది:

"నాన్నా! నువ్వు నిద్రపోలేదా?"

"లేదే! పాడు!"

పాడింది. ఆ పాటను వర్ణించను. మెకానిక్ ఆనందం పట్టలేక రెండు చోట్ల తప్పు వాయించాడని మాత్రం చెబుతాను. పావుగంట అయిపోయినా ఆ పెద్దమనిషి గడియారం వైపు చూడలేదు. ఇంకొకటి పాడమన్నాడు. సాయంత్రం ఒప్పందం మాట చెప్పాడు.

హాలు మెట్ల మీద ఇల్లాలు భర్తను నిలదీసింది. "ఏమండీ, మీకు అంత గొంతుందా?"

"రాత్రంతా దాంతోనేగా బతుకుతున్నది! మెషీను పక్కన గుసగుసలాడితే ఎవడు వింటాడు?"

"మరి ఇంట్లో?"

"ఇంట్లో మీరంతా నెమ్మదైన మనుషులాయె. మా అమ్మ దగ్గర్నుంచి అందరూ అంతే. మీ మధ్య నేనొక్కణ్ణీ అరిస్తే ఏం బాగుంటుంది? అందుకే తగ్గించుకున్నా."

"అయ్యో రాత! మేం తగ్గించుకున్నది మీ నిద్ర కోసమండీ!"

"నా నిద్రకేం? మెషీను తిరుగుతుంటే పక్కనే బెంచీ మీద గుర్రుపెట్టేవాణ్ణి."

ఆమె మెట్టు మీద కూలబడింది. "గిన్నె గిన్నెకీ గుడ్డ వేసి చచ్చాను కదండీ!"

"నేనేమో మనింటి గిన్నెలే అంత మంచివనుకున్నా."

ఆమె ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, ఆ రెండూ ఎంత పెద్దగా జరిగాయంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. గుసగుస వాళ్ళిద్దరి మధ్యకూ వచ్చి కూర్చొని, తండ్రి భుజం మీద తల పెట్టింది. ఒకరి కోసం ఒకరు గొంతు తగ్గించుకొని అన్నేళ్ళు బతికిన కుటుంబాన్ని నేను మరొకదాన్ని చూడలేదు.

ఆ తర్వాతి మైలురాళ్ళు పాఠకులకు తెలిసినవే. ఇరవయ్యో ఏట తొలి రికార్డు. ఇరవై రెండో ఏట పొరుగుదేశాల్లో కచేరీలు. అక్కడే ఆ మెకానిక్‌తో పెళ్ళి. ఆమె ఫొటో మొదటిసారి పత్రికలో పడిన రాత్రి, ఆ పుటను అచ్చు వేసింది తండ్రే. సిరా ఆరని ప్రతిని పొద్దున్నే నా చేతిలో పెట్టాడు. అందులో మూడు తప్పులున్నాయి. నేను సున్నలు చుట్టలేదు.

ఆమె ముప్పై అయిదో ఏట, కచేరీల యాత్ర మధ్యలో ఏదో ఊరి నుంచి నాకు రాసిన ఉత్తరంతో ఇది ముగిస్తాను.

"మాస్టారూ, నమస్కారం. గొంతు అలిసిపోయిందని, కచేరీ ఉన్న రోజుల్లో సాయంత్రం దాకా ఒక్క మాటా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. నేను నోరు మూసుకుని బస్సులో కూర్చుంటున్నాను. నాన్న ఉద్యోగం మానేశాక మాతోనే తిరుగుతున్నాడు. నేను మాట్లాడకపోయేసరికి ఆయన మొదలుపెట్టాడు. అబ్బ, ఎన్ని కబుర్లున్నాయో ఆ మనిషి దగ్గర! నాకు ఒక్కటీ తెలియదు. నిన్న అమ్మను మొదటిసారి ఎక్కడ చూశాడో చెబుతున్నాడు. అమ్మ వెనక సీట్లోంచి 'అబద్ధం, అబద్ధం' అంటోంది. కథ సగంలో ఉండగా ఊరొచ్చేసింది, హాలు కనబడింది. నేను కాగితం మీద రాసి డ్రైవరుకు చూపించాను: ఆపొద్దు, ఊరి చుట్టూ ఇంకొకసారి తిప్పు."