బతుకమ్మ పాట వెంబడి నడిచిన వయొలిన్

నా ఎడమ చేతి నాలుగు వేళ్ల మీద ఒట్టు. వయోలా వాయించేవాడికి అంతకు మించిన ఆస్తి ఉండదు. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో మేం నలుగురం సాయంత్రాలు సాధన చేసేవాళ్లం. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన నా వయోలా, నేల మీద ఆనించి వాయించే పెద్ద చెల్లో. పాశ్చాత్యుల్లా కుర్చీల్లో కూర్చుని మన జానపదాలు వాయించాలని మా ఉబలాటం. ఇల్లు మొదటి వయొలిన్ ఆయనది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడి, ఏళ్ల తరబడి కర్ణాటక సంగీత కచేరీల్లో గాయకుల పక్కన వాయించినవాడు. చెల్లో మీర్‌పేట్ ఆయనది. రెండో వయొలిన్ లెక్కలు చెప్పే ఒక మేడమ్‌ది. ఆవిడకు తాళం తప్ప తగవులు పట్టవు.

మేం ఎత్తుకున్నది చెల్లో ఆయన తల్లి పాడే బతుకమ్మ పాట. తగవు అక్కడే మొదలైంది.

"సార్, జర ఆగుండ్రి. గా వంపులేంది? మా అమ్మ గట్ల పాడదు."

"వంపులు కాదండీ, గమకాలు. స్వరం మరీ బోసిగా ఉంటే బాగోదు కదా."

"బోసిగున్నా మా పిల్లనే గద సార్. మీరు రోజుకో నగ పెడుతున్నరు. రేపు మాదంటే ఎవ్వరు నమ్మరు."

చెల్లో ఆయన ఫోన్‌లో సాధన రికార్డు చేసుకునేవాడు. తన మాటలు ఉద్యమ శిబిరానికి చేరవేయడానికేనని ఇంటాయన అనుమానం. నన్ను వంటింట్లోకి పిలిచి, "మీరెటువైపండీ?" అని గుసగుసగా అడిగాడు. మంచినీళ్లు తాగి తప్పించుకున్నాను. ఆయన నన్నూ నమ్మడం మానేశాడు.

ఇంతలో ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలో వాయించమని పిలుపొచ్చింది. చెల్లో ఆయన తేల్చి చెప్పాడు. "మా అమ్మ వస్తది. పాట గుర్తుపడితే నలుగురం. పట్టకుంటే రేపటి సంది ముగ్గురమే."

శిబిరం దగ్గర ఒకడు చెల్లో పెట్టెను తట్టి చూశాడు. "గిండ్ల ఏమున్నది?" మొదటి వయొలిన్ ఆయన నోరు విప్పలేదు, యాస బయటపడుతుందని. ఆ భయంలోనే పాటను ఒక్క వంపు లేకుండా స్కేలు పెట్టి గీసినట్టు వాయించాడు.

ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ అంతా విని, "మంచిగనే ఉన్నది. ఏం పాట బిడ్డా?" అంది.

కొడుకు మొహం మాడిపోయింది. "నీ పాటనే అమ్మా."

"నాదా? ఎక్కాలు అప్పజెప్పినట్టున్నది." ఎలా పాడాలో చూపించడానికి ఆమే ఎత్తుకుంది. ప్రతి చరణం చివర గొంతు ఊగి, జారి, మళ్లీ లేచింది. ఎదురుగా ఎవరైనా పాడుతుంటే కమాను దించి కూర్చోవడం మొదటి వయొలిన్ ఆయనకు చేతకాదు. అరక్షణం వెనకగా ఆమె గొంతును పట్టుకుని నడిచాడు.

ఆమె ఆగి, అనుమానంగా చూసింది. "ఎవరయ్యా నువ్వు? నా ఎంబడే వస్తున్నవ్."

ఇక మాట్లాడక తప్పలేదు. "మా పద్ధతండీ. పాడేవాళ్లు ఎటు వెళ్తే అటు వెనకాలే వెళ్లాలి."

ఆ 'అండీ'కి గుడారంలో తలలన్నీ తిరిగాయి.

"ఎనక వచ్చెటోనివి ముందల ఎందుకు కూసున్నవ్? ఇటు రా." జంపఖానా మీద పక్కకు జరిగింది. ఆయన కుర్చీ వదిలి కింద కూర్చున్నాడు. పాట మళ్లీ మొదలైంది. ఆడవాళ్లు లేచి చప్పట్లు చరుస్తూ తిరిగారు. ఆ వలయం చౌరస్తా దాటి నాగోల్ దాకా పెరిగింది. బస్సులు ఆగాయి, కండక్టర్లు కూడా దిగి చేయి కలిపారు.

తిరుగు ప్రయాణంలో ఆటో దగ్గర, "మరి రేపు..." అని ఇంటాయన నసిగాడు.

చెల్లో ఆయన పెట్టెను ఆటోలోకి ఎక్కించాడు. "వస్తం సార్. అమ్మను గూడ తోలుకొస్త. వంపు ఏడ పెట్టాల్నో ఆమెనే చెప్తది."

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ వలయం నా కల్పన. నాగోల్ మాట అటుంచండి, గుడారంలోనే ఒక్కరూ లేవలేదు. 'అండీ' అన్న మనిషిని చివరిదాకా ఓరగానే చూశారు. పెద్దమ్మ ఒక్కతే పాడింది, ఆయన ఒక్కడే వెంట నడిచాడు. తల్లి పాట గుర్తుపట్టకపోయినా చెల్లో ఆయనకు అది ఎలా సరిపోయిందో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.