జలపాతం ముందు పొట్టేలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతిలో కెమెరా, వెనక ఒక తెర, ఆ రెండింటి మధ్య మనిషి నిలబడేంత చోటు ఉంటే చాలు, ఏ గదైనా స్టూడియో అయిపోతుందని. ఆ వయసులో నమ్మకాలకు అద్దె కట్టనక్కర్లేదు కాబట్టి ఎన్నయినా పెట్టుకోవచ్చు. నా నమ్మకానికి మాత్రం అద్దె మా నాయన కట్టాడు. అనంతపురంలో మాది మూడో అంతస్తులో ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటికి రావాల్సిన వంటగది. నాయన బస్సు కండక్టరుగా ఉద్యోగమంతా నిలబడే చేసి, రిటైరయ్యాక హాల్లో ఫ్యాను కింద మంచం వేసుకుని పడుకోవడమే జీవితాశయంగా పెట్టుకున్న మనిషి. ఆ మంచాన్నే నేను వరండాలోకి నెట్టాను.

అంతకుముందు ట్రాక్టర్ల షోరూంలో పనిచేసేవాణ్ణి. బండి కొన్నవాళ్లకు తాళంచెవి ఇచ్చేటప్పుడు ఫోటో తీయడం నా పనుల్లో ఒకటి. ఫోటోలు బాగున్నాయని నలుగురు అన్నారు. (ఆ నలుగురూ కొత్త ట్రాక్టరు సంతోషంలో ఉన్నవాళ్లే. ఆ సమయంలో వాళ్లకు ఏది చూపించినా బాగుందనే అంటారు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.) ఆ మాట పట్టుకుని ఉద్యోగం మానేసి, దాచుకున్నదంతా పెట్టి కెమెరా కొని, ఇంట్లో స్టూడియో అన్నాను. మర్నాడు నాయన కండక్టరు గొంతుతో షరతు చెప్పాడు. నెల లోపల ఎవరైనా వాళ్లంతట వాళ్లే మెట్లెక్కి వచ్చి, ఫోటో తీయమని అడిగితే హాలు నాది. రాకపోతే ఆయన మంచం హాల్లోకి, నేను మళ్లీ ట్రాక్టర్ల దగ్గరికి. చుట్టాలు వస్తే లెక్కలోకి రారు.

ఇక స్టూడియో వైభవం చెప్పాలి. మా సీమలో జనానికి ఏడాది పొడుగునా కనిపించేది ఎర్రమట్టి, ఎండ. కాబట్టి ఫోటోలోనైనా పచ్చదనం ముందు నిలబడాలని ఉబలాటపడతారని లెక్క వేసి, పెద్ద జలపాతం, కొబ్బరిచెట్లు ఉన్న తెర తెప్పించాను. దాని ముందు ప్లాస్టిక్ గడ్డి పరిచాను. నాయన నల్ల గొడుగుకు లోపల తెల్లకాగితం అంటించి లైటుకు కట్టాను. సోఫాను గోడకు నిలువుగా నిలబెట్టాను. వచ్చినవాళ్లు తల దువ్వుకోవాలి కదా అని, పడకగదిలో ఉన్న అమ్మ అద్దం బీరువాను హాల్లోకి లాగి తెరకు పక్కగా పెట్టాను. టీవీ వంటగదికి పోయింది. చిక్కంతా ఎక్కడంటే, జలపాతం వేలాడదీయడానికి దొరికిన ఒకే ఒక్క గోడలో వంటింటి గుమ్మం ఉంది. అందువల్ల అమ్మ పొద్దున్నే జలపాతాన్ని పక్కకు తొలగించుకుని, కాఫీ గ్లాసులతో కొబ్బరిచెట్ల మధ్యలోంచి బయటికి వచ్చేది. నాయన ఆ దృశ్యాన్ని రోజూ చూసేవాడు. చూస్తూ కాఫీ కొంచెం గట్టిగా జుర్రేవాడు.

జనం రాలేదని కాదు, వచ్చారు. అపార్టుమెంటులో ప్రతి ఇంటివాళ్లూ వచ్చి జలపాతం చూశారు, తెరను ముట్టుకున్నారు, తమ ఫోన్లలోనే దాని ముందు తామే ఫోటోలు తీసుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లారు. నా కెమెరా వైపు ఎవరూ చూడలేదు. గడువు దగ్గరపడేకొద్దీ నాయన మొహంలో కళ వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆయన వరండాలో మంచం పట్టె బిగించుకుంటూ చిన్నగా ఈల కూడా వేశాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీద టకటకమని చప్పుడు. ఎవరో ఎత్తుమడమల చెప్పులేసుకుని వస్తున్నారని, పెళ్లికూతురేమోనని, చొక్కా సర్దుకుని తలుపు తీశాను. గుమ్మంలో మెలితిరిగిన కొమ్ములతో ఒక పొట్టేలు నిలబడి ఉంది. దాని వెనక, తాడు పట్టుకుని, దాని కొమ్ములకు ఏమాత్రం తీసిపోని మీసాలతో ఒక మనిషి.

మడకశిర దగ్గర పల్లె ఆయనది. (పేరు చెప్పాడు గానీ, ఆ మీసాలు చూశాక మా ఇంట్లో అందరికీ మీసాలన్నే అయిపోయాడు.) బావమరిది ట్రాక్టరు కొన్నప్పుడు నేను తీసిన ఫోటో చూశాడట. తన పొట్టేలు చుట్టుపక్కల ఊర్లలో లేని జాతి అట, దాని పేరు దొర అట, దానికి పెద్ద ఫ్లెక్సీ కొట్టించి నాలుగు రోడ్ల కూడలిలో కట్టించాలట. కింద చెట్టు నీడలో తీస్తానని నేను బతిమాలాను. బయట తీసేటట్లయితే తన ఫోన్లోనే తీసుకుంటానని, స్టూడియో అని విన్నందుకే ఆటో మాట్లాడుకుని ఇంతదూరం వచ్చానని అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం స్టూడియో యజమానిగా నాకు లేదు.

నాయన మాత్రం షరతు దగ్గర పట్టుబట్టాడు. పొట్టేలు మనిషి కాదు కాబట్టి ఇది లెక్కలోకి రాదన్నాడు. నాకూ పట్టుదల వచ్చింది.

“నీ బస్సులో పొట్టేలెక్కితే టికెట్ కొట్టేవాడివా లేదా, నాయనా?”

ఉద్యోగం విషయంలో ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

“కొడతాంటి. కానీ అది లగేజీ టికెట్. మనిషి టికెట్ కాదు.”

మీసాలన్నకు ఈ తగాదా ఏమిటో అర్థం కాకపోయినా, లగేజీ అన్న మాట మాత్రం గుచ్చుకుంది. “ఏమప్పా, దొరను లగేజీ అంటాండావు?” అన్నాడు. గొడవ ముదరక ముందే నాయన తీర్పు వాయిదా వేశాడు. ఫోటో బాగా వస్తే మనిషి కిందే లెక్క, రాకపోతే లగేజీ కింద లెక్క అని తేల్చి, బనీను మీద తువ్వాలు వేసుకుని చూడటానికి నిలబడ్డాడు.

దొర హాల్లోకి రాగానే నా గడ్డిని ఒక కొరుకు కొరికి, నా వైపు ఒకసారి చూసి, కింద పడేసింది. తర్వాత జలపాతం వైపు మొహం, నా వైపు వెనకభాగం పెట్టి స్థిరపడింది. ఎటు తిప్పినా మళ్లీ అదే భంగిమ. మీసాలన్న సంచిలోంచి మేతకని తెచ్చిన ఎండు వేరుశనగ కట్టె తీసి చూపిస్తే ఇటు తిరిగింది గానీ, తల ఎత్తదే! కొమ్ములూ వీపూ తప్ప మొహం కనబడలేదు. నేను ఈల వేశాను, గిన్నె మోగించాను, చివరికి మేకలా అరిచాను. (గొర్రెను పిలవాలంటే గొర్రెలా అరవాలన్న ఇంగితం కూడా లేదు.) చెమటలు కారుతున్నాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. నా బతుకు మళ్లీ ట్రాక్టర్ల మధ్యకు పోతున్నట్టే కనబడింది. నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు దొర తల ఎత్తింది. బీరువా అద్దంలో దానికి ఇంకో పొట్టేలు కనబడింది.

మీసాలన్న గొంతు తగ్గించి, “ఎవరూ కదలొద్దండప్పా. ఇంగొకణ్ణి చూసినాడు” అన్నాడు. దొర రెండడుగులు వెనక్కి వేసింది. మెడ నిలబెట్టి, ఛాతీ విరిచి, కొమ్ములు వెలుగులోకి పెట్టింది. అంత అందమైన ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ క్షణంలోనే జలపాతం చీల్చుకుని అమ్మ తల బయటికి పెట్టి, “నా బీరువా!” అని ఒక్క కేక వేసింది. పెళ్లినాటి బీరువా అది. నాయన ఏమనుకున్నాడో ఏమో, ఒక్క అంగలో వెళ్లి అద్దానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నా వేలు దానంతట అదే బటను నొక్కింది. పొట్టేలు దూకింది. నాయన మంచంలోనే గడిపిన రిటైర్మెంటు మొత్తాన్నీ మరిచిపోయి పక్కకు ఎగిరాడు. అద్దం భళ్లుమంది.

శత్రువు మాయం కావడంతో దొర గెలిచినవాడి తృప్తితో వచ్చి కట్టె నమలడం మొదలుపెట్టింది. అమ్మ ముక్కలు ఊడుస్తూ నన్నూ, నాయననూ, జలపాతాన్నీ కలిపి తిట్టింది. పొట్టేలును మాత్రం ఏమీ అనలేదు. నేను భయంభయంగా ఫోటో చూశాను. ఒక పక్క జలపాతం ముందు దొర, మహారాజులా. ఇంకో పక్క బనీనులో నాయన, చాపిన చేతులు, తెరిచిన నోరు, జారిపోతున్న తువ్వాలు. కంప్యూటర్లో నాయనను తుడిచేస్తానని మీసాలన్నకు చెప్పాను.

ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. “వద్దన్నా. పొట్టేలు ఒక్కటే ఉంటే ఎంతదో ఎవరికి తెలుస్తాది? ఆ పెద్దాయన భయం చూస్తేనే కదా తెలిసేది.”

అద్దానికి కూడా డబ్బు లెక్కగట్టి ఇచ్చి, దొరను తోలుకుని వెళ్లిపోయాడు. నాయన తీర్పేమీ చెప్పలేదు. మంచం మాత్రం వరండాలోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు మడకశిర రూట్లో తిరిగే, నాయనతో పనిచేసిన పాత డ్రైవర్లు ఒక్కొక్కరే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కూడలిలో ఇంటి గోడంత ఫ్లెక్సీ ఉందట, దాని మీద నాయన ఉన్నాడట. నాయన మండిపడ్డాడు. పరువు పోయిందని, దాన్ని తన చేతులతోనే చించి పారేస్తానని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని మడకశిర బస్సెక్కాడు. దిగి చూస్తే నిజంగానే ఇంటి గోడంత. నాయన దాని కింద నిలబడి, తల పైకెత్తి, తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. అవమానంతో నా చెవులు కాలిపోతున్నాయి. ఇంతలో టీ కొట్టతను గుర్తుపట్టి, కన్నడం కలిసిన తెలుగులో నలుగురినీ పిలిచాడు. గుంపు చేరింది. అందులో ఒకాయన, “ఏమన్నా, అంత భయపడినావా?” అని అడిగాడు.

నాయన చొక్కా సర్దుకున్నాడు.

“భయం యాడిది? మావాడు అట్ల నిలబడమన్నాడు, నిలబడితి. వాడు ఫోటోగ్రాఫరు. వాళ్లు చెప్పినట్ల వినల్ల.”

అని నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. నన్ను ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి మా నాయనే. ఇప్పుడు నాకు రోడ్డు మీద అసలైన స్టూడియో ఉంది, అందులోకి పొట్టేళ్లకు ప్రవేశం లేదు. అప్పటి ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి లైటు తెలియదు, నీడ తెలియదు, గొర్రె అరుపుకూ మేక అరుపుకూ తేడా తెలియదు. పైగా ఆ గుంపు ముందు, నేనేమీ అట్లా నిలబడమనలేదు నాయనా అని నోరు తెరవబోయాడు. తెరవబోయి ఎందుకో ఆగిపోయాడు. ఆ రోజులన్నిటిలో వాడు సమయానికి చేసిన పని అదొక్కటేనని ఇప్పటికీ అనిపిస్తుంది.