కట్టమ్మ వెనక్కి తిరిగి చూసింది

సినిమాల్లో తప్పులు పట్టడమే పాండిత్యం అనుకునే వయసు ఒకటుంటుంది. నాకది కాస్త ఎక్కువ కాలమే ఉండింది. (ఇంకా ఉందని మా ఇంటావిడ అంటుంది.) ఐదో తరగతితో బడి మానేసి, చిత్తూరు లైబ్రరీలో దొరికిందల్లా చదివి, ఆ చదువంతా ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తున్న రోజుల్లో మా కట్టమ్మ కథను సినిమాగా తీశారు. తెగిపోతున్న చెరువు కట్టకు అడ్డం నిలబడి, ఊరిని కాపాడి, తాను మట్టిలో కలిసిపోయిన పసిబిడ్డ తల్లి ఆమె. పుట్టిల్లు మాది. అందుకే ఏటా జాతరకు పసుపు, కుంకుమ, చీర పెట్టి సారె తీసుకుపోయేది మా ఇల్లే. కట్ట మీద ఆమె కథ చెప్పేది మా అవ్వే. "మా ఆడబిడ్డను ఎట్టంటే అట్ట సూపించినారంటే ఆ బొమ్మ ఈడ ఆడదు" అని అవ్వ ముందే చెప్పేసింది. ఊళ్లో ఆమె మాటకు ఎదురులేదు గనక, టెంటు హాలు ఓనరు మా ఇద్దరినీ బతిమాలి మొదటి ఆటకే తెచ్చి కూర్చోబెట్టాడు.

బొమ్మ మొదలైంది మొదలు నాకు పండగే. రాళ్లగుట్టల మధ్య ఉండాల్సిన మా చెరువు చుట్టూ కొబ్బరిచెట్లు. సంగటి తిని కూలికి పోయే మనిషికి పట్టుచీర. వరద ముంచుకొస్తుంటే ఒక పాట. ఒక్కొక్క తప్పునూ హాలంతా వినబడేలా అవ్వకు విన్నవిస్తున్నాను. వెనక నుంచి ఒకాయన, "అప్పా, రేపట్నించి నువ్వే ఆడు ఈడ. బొమ్మ పెట్టి ఎందుకు దండగ?" అన్నాడు. అవ్వ మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. కోపం ముదురుతోందని లోలోపల సంతోషించాను.

చివరికి కట్ట తెగింది. అంతవరకూ అలంకారంగా తిరిగిన ఆ నటి మట్టిగంప కింద పెట్టి, నీళ్లకేసి నడిచి, ఆగింది. మాటా లేదు, సంగీతమూ లేదు. ఊరివైపు తిరిగి చూసింది. ఏడవలేదు. పొయ్యి మీద ఏదో పెట్టి మరచిపోయిన మనిషిలా, వెనక్కి పోదామా అన్నట్టు ఒక్క క్షణం కాలు కదిపి, కొంగు దోపుకుని నీళ్లలోకి దిగింది. నేను లేచి నిలబడ్డాను. తరతరాలుగా మా కథలో ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే నీళ్లలోకి దిగుతుంది. ఆ మాటే గట్టిగా అన్నాను. అవ్వ నా చొక్కా పట్టి లాగింది. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"కూసోరా. ఇంట్లో పసిబిడ్డను పండబెట్టి వచ్చిండాది. సూడకుండా ఎట్ల పోతాదిరా?"

బొమ్మ ఆడింది. ఆ ఏడు జాతరలో అవ్వ కథ చెబుతూ, కట్ట తెగిన చోటికి వచ్చి ఆగి, ఊరివైపు తల తిప్పి చూసింది. ఆ తర్వాతే కట్టమ్మను నీళ్లలోకి దించింది. ఇప్పుడు సారె మోసేదీ, కథ చెప్పేదీ నేనే. మొన్న జాతరలో ఒక మాస్టారు, ఆమె తిరిగి చూసినట్టు పాత కథలో లేదే అన్నాడు. ఒళ్లు మండింది. పుట్టింటివాళ్ల కంటే నీకు ఎక్కువ తెలుసా అని తగులుకున్నాను. ఆయన పోయాక నాకే నవ్వొచ్చింది. ఇంతా చేసి ఆ నటి పేరేమిటో నాకు తెలియదు. మా ఇంటి ఆడబిడ్డ అనుకున్నాక, పేరు ఎవరిని అడుగుతాం?