మైలెద్దుకు ఈల

విమానం ఇంకా ఆలస్యమని మైకులో చెప్పగానే శివన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లేచి చేసేదేమీ లేదు. మళ్లీ కూర్చున్నాడు.

విశాఖలో ఉన్న కూతురు భువనను, కాపలా పనికని అక్కడికే వలసపోయిన చిన్ననాటి స్నేహితుడు నారాయణను చూసిపోదామని రైల్లో వచ్చాడు. ఇప్పుడు పత్తికొండ పక్కనున్న తన ఊరికి తొందరగా చేరాలి. రైలైతే రేపటిదాకా పడుతుందని భువన కర్నూలు విమానానికి టిక్కెట్టు తీసింది. ఇంటి దగ్గర బూడిదరంగు మైలెద్దు మొన్నటి నుంచి నీళ్లు ముట్టడం లేదు.

ఎడ్లు తొట్టి దగ్గరికి రాగానే సన్నగా ఈల వేసి నీళ్లు తాపడం ఆ పక్క సేద్యగాళ్లందరూ చేసేదే. కానీ పోయిన ఎండాకాలంలో జోడెద్దు చచ్చిపోయాక, మైలెద్దు శివన్న ఈలకు తప్ప మూతి దించడం మానేసింది. ఆ సంగతి తెలిసీ, దప్పికైతే అదే తాగుతుందిలే అనుకుని బయల్దేరాడు.

ఫోను మోగింది. భార్య వెంకటేశ్వరమ్మ.

"యాడుండావయ్యా?"

"ఈడే, విమానాల కాడ. తాగిందా?"

"యాడ తాగుతాది! పండుకోనుండాది. గొడ్ల డాక్టరు సూదేసి పోయినాడు. నీళ్లు తాగకుంటే శానా కష్టమంట."

"ఫోను దాని చెవికాడ పెట్టు."

శివన్న పెదవులు బిగించి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు. ఊగుతున్న ముందుపళ్లు రెండూ నిన్ననే భువన పట్టుబట్టి పీకించింది. ఆ సందులోంచి గాలంతా జారిపోతోంది.

"ఏం పెద్దాయనా, టీ చల్లార్చుకుంటున్నారా?" పక్కసీటాయన నవ్వాడు. శివన్న కళ్లు చూసి వెంటనే తల తిప్పుకున్నాడు.

"ఏమయ్యా, ఈలెయ్యవే?" అవతల వెంకటేశ్వరమ్మ.

"పండ్లు ల్యావు కదమ్మే. నువ్వెయ్."

"నేనా? ఆడది ఈలేస్తే ఊరు నవ్వదా? మీయమ్మ బతికుంటే నా నోట్లో మట్టి కొడ్తాండె."

"నవ్వితే నవ్వనీ ఊర్ని! అది సచ్చిపోతాదే!"

ఆమె ఫోను పెట్టేసింది.

విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. సముద్రం కనబడింది, దాని మీదికి మనసు పోలేదు. నాలుకను పళ్ల సందులో అడ్డం పెట్టి ఊదాడు. వేలు పెట్టి ఊదాడు. చిగురు చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది. మంచినీళ్లు కావాలా అని విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి అడిగితే గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేకపోయాడు. దిగేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. కింద పచ్చదనం పలచబడి, ఎండిన చెరువులు, ఎర్రటి చేలు వచ్చాయి. తన చేను వాటిలో ఎక్కడుందో ఆనవాలు తెలియలేదు. అంత పైనుంచి చూస్తే ఒక ఎద్దు బతకడం, చావడం ఎవరికి కనబడుతుంది?

కర్నూలు విమానాలు దిగే ఓర్వకల్లులో దిగుతూనే ఫోను చేశాడు. ఎత్తలేదు. బయటికొచ్చి కారు మాట్లాడుకుని, ఎక్కి మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారికి ఎత్తింది గానీ మాట లేదు. దూరంగా ఏదో చప్పుడు. ఈల. ఈల అనడానికి కూడా లేదు, విరిగి విరిగి, మధ్యలో ఏడుపు అడ్డం పడుతూ, పసిపిల్లలు నేర్చుకుంటున్నట్టు. వెనక ఎవరో నవ్వుతున్నారు కూడా. ఆమె ఆపలేదు.

శివన్న ఊపిరి బిగబట్టి విన్నాడు.

ఈల ఆగింది.

"ఒక్క గుక్క తాగిందయ్యా," అంది వెంకటేశ్వరమ్మ, ఆయాసపడుతూ. "మళ్లా మూతి తీసేసింది. బిరీన రా. నాకు దవడలు పీకుతాండాయి."

"వస్తాండా. నిలపొద్దమ్మే."

"నిలపను."

ఫోను అట్లాగే ఉంచి ఆమె మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.