నిండు గ్లాసు మామయ్య

పాత వ్యాను కొనేవాళ్ళెవరైనా ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు, కాగితాలు చూస్తారు. తేనెటీగల మామయ్య మాత్రం గ్లాసు చూసేవాడు. స్టీలు గ్లాసులో అంచుకు వేలి మందం తక్కువగా నీళ్ళు పోసి, డ్రైవరు పక్క సీటు మీద ఒక చెక్క వేసి, దాని మీద నిలబెట్టేవాడు. బండిని ఊరి చుట్టూ తిప్పించి, దిగాక ఆ చెక్క మీద వేలు పెట్టి చూసేవాడు. తడి తగిలిందంటే ఇక అంతే. ఆ బండిని ఊరికే ఇస్తానన్నా వద్దనేవాడు.

ఈ పిచ్చి పట్టుకుని రెండేళ్ళయింది. గ్లాసు ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది, దాని బరువుకి జేబు పొట్టదాకా జారిపోయేది. ఒకసారి సిటీ బస్సెక్కి ముందు సీట్లో గ్లాసు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ సీటు ఎవరికండీ?" అన్నాడు కండక్టరు.

"గ్లాసుకి. టికెట్టు కొట్టు బాబూ."

రెండో మలుపులోనే నీళ్ళు ఒలికాయి. మామయ్య దిగి ఇంకో బస్సెక్కాడు. అదీ ఒలికింది. చివరికి ఇంటిదాకా నడిచొచ్చాడు. అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "ఈగలకి కుదుపు పడదండీ. రేగిపోతాయి."

ఆయనకు నలభై పెట్టెల ఈగలున్నాయి. ప్రతి ఏడాదీ పొద్దుతిరుగుడు పూసే రోజులకి ఆ పెట్టెల్ని వ్యానులో వేసుకుని చేల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఈ ఏడాది సరిగ్గా మొగ్గ విచ్చే వారంలో ఆయన పాత వ్యాను కింద చట్రం తుప్పు పట్టి రెండు ముక్కలైంది. అదే రోజు రైతు ఫోను చేశాడు. "పువ్వు మొదలైంది. పదిహేను రోజులుంటుంది. తర్వాత మీ ఇష్టం."

వెంటనే కబురు మేనకోడలికి వెళ్ళింది. ఆ పిల్ల మెకానిక్. సొంత షెడ్డుంది, చేతులకు ఎప్పుడూ గ్రీజే. బండి ఎంచడం అంటే ఆమెకు ప్రాణం. షెడ్డుకి తాళం వేసి, టార్చిలైటూ స్పానర్ల సంచీ పట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది.

"మూడు రోజుల్లో బండి నీ ఇంటి ముందుంటుంది మామయ్యా. ఇంజను సంగతి నాకొదిలెయ్."

"ఇంజను నీకే వదిలేశానమ్మా. గ్లాసు మాత్రం నాకొదిలెయ్."

మొదటి రోజు చూసిన పాల వ్యాను ఇంజను విని పిల్ల కళ్ళు మెరిశాయి. చెవి ఆనించి విని, నూనె పుల్ల తీసి చూసి, కింద దూరి బయటికొచ్చి, "కళ్ళు మూసుకుని కొనెయ్" అంది. మామయ్య కళ్ళు తెరుచుకునే గ్లాసు పెట్టాడు. మొదటి గుంతలోనే నీళ్ళు సీటంతా పారాయి. తర్వాతది చేపల వ్యాను. దాన్ని పిల్లే వద్దంది, ఆ వాసనకి ఈగలేమిటి, మనుషులే రేగిపోతారని. ఆ తర్వాత ఒక కొరియరు వ్యాను, ఒక లాండ్రీ వ్యాను, ఒక పూల కొట్టు వ్యాను. అన్నిట్లోనూ గ్లాసు ఓడింది.

రెండో రోజుకి బండ్లు చూపిస్తున్న బ్రోకరు తెలివి మీరాడు. గ్లాసు తానే పట్టుకొచ్చి, మామయ్య అటు తిరిగినప్పుడు మూడు గుక్కలు తాగేసి చెక్క మీద పెట్టాడు. ఊరు చుట్టి వచ్చాక చుక్క కూడా ఒలకలేదు. మామయ్య గ్లాసులోకి తొంగి చూశాడు.

"నీళ్ళు తగ్గాయేం బాబూ?"

"ఎండ సార్. ఆవిరైపోయాయి."

"పది నిమిషాల్లో మూడు గుక్కలు ఆవిరైతే, ఇందులో రెండు గంటలు కూర్చునే మనిషి ఏమైపోవాలి?" అని మామయ్య దిగిపోయాడు.

పిల్లకి ఒళ్ళు మండింది. "మామయ్యా, పెట్టెలుండేది వెనకాల. గ్లాసు ముందెందుకు?"

"ముందు కుదురుగా ఉంటే వెనకా కుదురుగానే ఉంటుంది."

"ఉండదు. నేను మెకానిక్‌ని."

"నేను ఈగలవాణ్ణి" అన్నాడాయన, అదేదో పెద్ద సమాధానమైనట్టు.

నాలుగో రోజుకి పదకొండు బండ్లు పోయాయి. చేల దగ్గర నాలుగు రోజుల పువ్వూ పోయింది. పన్నెండోది అద్దాల షాపువాడి వ్యాను. రంగు వెలిసిపోయి, ఒక తలుపు తాడుతో కట్టి, స్టార్టు చేస్తే క్షయరోగిలా దగ్గుతూ నల్లటి పొగ వదిలింది. పిల్ల ముక్కు మూసుకుంది. కానీ ఇరవై ఏళ్ళు కిటికీ అద్దాలు మోసిన బండి అది. అద్దాలు పగలకుండా ఆసామి చక్రాల పైన కుదుపు ఆపే కమాను పట్టీలన్నీ మెత్తటివి వేయించుకున్నాడు. ఊరంతా తిరిగి, రైలు పట్టాలు దాటి, కంకర రోడ్డు మీద కూడా నడిపి ఆపారు.

మామయ్య చెక్క మీద వేలు పెట్టాడు. తీసి చూశాడు. మళ్ళీ పెట్టాడు. తర్వాత ఆ వేలు పిల్ల ముఖం ముందు ఆడిస్తూ, "పొడి, పొడి" అని నడిరోడ్డు మీద చిన్న గంతేశాడు. అద్దాల షాపువాడు భయపడి తాళంచెవి ఇచ్చేశాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. పిల్ల షెడ్డులో ఇంజను విప్పింది. పిస్టన్ల చుట్టూ రింగులు మార్చింది, డీజిలు వడబోసే ఫిల్టరు మార్చింది, కారే గొట్టాలన్నీ పారేసింది. మామయ్య రెండు రోజులూ పక్కనే ఉండి పట్టీలకు గ్రీజు రాశాడు, టైర్లలో గాలి కొలిచి కొలిచి తగ్గించాడు, డ్రైవరు పక్క సీటు ఊడదీసి లోపల కొత్త స్పాంజి కుట్టించాడు. డ్రైవరు సీటు జోలికి మాత్రం పోలేదు. దాంట్లో స్ప్రింగొకటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నా సరే.

"అమ్మాయ్, ఈ పక్క తలుపు కింద మెట్లు వెల్డింగు చెయ్యి. పట్టుకోవడానికి ఒక కడ్డీ కూడా."

"ఒక్కో మెట్టు ఎంత ఎత్తు?"

"ఆరంగుళాలు. అంతకంటే కాలు ఎత్తకూడదట."

పిల్ల వెల్డింగు కళ్ళద్దాలు పైకి జరిపింది. "ఎవరు? ఈగలా?"

మామయ్య జేబులోంచి గ్లాసు తీసి, అందులో ఏదో ఉన్నట్టు లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

పిల్లకి అప్పుడు బుర్ర వెలిగింది. అత్తయ్యకి నడుం ఆపరేషనై రెండేళ్ళయింది. అంతకుముందు చేల దగ్గరికి అత్తయ్య లేకుండా బండి కదిలేది కాదు. పెట్టె మూత తీయకుండానే చెవి పెట్టి విని, లోపల రాణి ఈగ ఉందో లేదో చెప్పేది. ఆపరేషనయ్యాక గేటు దగ్గరే నిలబడి చెయ్యూపేది. తిరిగొచ్చాక పూలెలా ఉన్నాయని అడిగేది. వర్ణించడం చేతకాని మామయ్య ప్రతిసారీ "పచ్చగా ఉన్నాయి" అనేవాడు.

"మరి అత్తయ్య కోసమని చెప్పొచ్చుగా?"

"చెప్తే రానంటుంది. నా కోసం ఇంత హంగామా ఏమిటి, మీరెళ్ళిరండి అంటుంది. ఈగల కోసమంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు కదమ్మా."

పిల్ల ఒక్కో మెట్టునూ ఐదంగుళాలకే వెల్డింగు చేసింది.

మర్నాడు తెల్లవారకముందే, ఈగలు బయటికి రాకమునుపే, పెట్టెల ద్వారాలకు జాలీలు బిగించి నలభై పెట్టెలూ ఎక్కించారు. అత్తయ్య అలవాటుగా గేటు దగ్గర నిలబడింది. మామయ్య నిండు గ్లాసుతో ఆమె దగ్గరికొచ్చాడు.

"ఇదిగో, నాకో సాయం చెయ్యాలి. దారిలో ఈ గ్లాసు చూసుకునే మనిషి కావాలి. నేను వెనక పెట్టెల దగ్గర కూర్చుంటాను. ఈగల కోసమే."

"ఈగల కోసమేనా?" అంది అత్తయ్య.

"ఈగల కోసమే."

ఆమె మెట్ల వైపు చూసింది, కడ్డీ వైపు చూసింది. గ్లాసు అందుకుని మెల్లగా ఎక్కి కూర్చుంది. పిల్ల స్ప్రింగు పొడుచుకొచ్చిన సీట్లో సర్దుకుంటూ స్టీరింగు పట్టుకుంది. రెండు గంటలూ అద్దం మోస్తున్నట్టే నడిపింది.

పొద్దు పొడిచేసరికి చేలు వచ్చాయి. కనుచూపు మేరంతా పసుపు. మామయ్య వెనకనుంచి దూకి పరిగెత్తుకొచ్చి, ఆమె ముఖం చూడకుండా ముందు గ్లాసు చూశాడు. నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"ఒలకలేదు" అన్నాడు.

"ఒలకలేదు. నడుం కూడా లాగలేదు" అంది అత్తయ్య. "పెట్టెలు వెనకుంటే గ్లాసు ముందెందుకా అని రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను."

మామయ్య నోరు తెరిచాడు. "తెలిసీ ఒక్క మాట అనలేదేం?"

"అంటే, కుదుపున్నా సరే ఏదో ఒక బండి కొనేసి ఎక్కమనేవారు."

ఆమె కడ్డీ పట్టుకుని దిగింది. మొదటి పెట్టెకు చెవి ఆనించి, "రాణి ఉంది" అంది. తర్వాత గ్లాసులో నీళ్ళన్నీ గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"మళ్ళీ నింపండి. తిరిగి వెళ్ళాలిగా."