పదకొండు నియమాలు, ఒకే కుర్చీ

ఒక కొండమీద పెద్దవాళ్ళందరికీ నేను ఒంటిచేత్తో రక్తపోటు తెప్పించాను. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వండి. కానీ కూర్చుని నవ్వండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

రెండువేల దశకం తొలినాళ్ళు. డిప్లొమా చేతికి రాగానే బొర్రా అవతల, నిట్టనిలువు ఎక్కుడు చివరనున్న సబ్‌సెంటర్లో ఆరోగ్య కార్యకర్తగా వేశారు. ఒక గది, ఒక కుర్చీ, ఒక బీపీ మిషను, ఒక నేను. బీపీ చూడ్డానికి పదకొండు నియమాలు గుండ్రటి అక్షరాలతో రాసి, నా కుర్చీ వెనక గోడకు అతికించాను. సంతరోజు జనం వచ్చేవారు, చెయ్యి చాపేవారు, వెళ్ళిపోయేవారు. మిగతా ఆరు రోజులూ నాతో మాట్లాడింది వాన ఒక్కటే. అదీ చెప్పిందే చెప్పేది.

వచ్చేవాళ్ళలో సుక్రమ్మ అందరికన్నా పెద్దది. చింతపండు మూటతో ఎక్కుడంతా ఎక్కి గుమ్మంలో నిలబడేది. మూట దించీ దించకముందే పట్టీ బిగించేవాణ్ణి. పాదరసం కుక్క తరిమిన కోతిలా పైకి పాకేది. చీటీ రాసి కింద ఆసుపత్రికి పంపితే, డాక్టరుగారు మాత్ర పెంచేవారు.

"కళ్ళు తిరుగుతన్నాయి బాబూ. నిన్న దిగుడులో పడిపోబోనాను."

"బీపీ ఉంది కదమ్మా, అలాగే ఉంటుంది" అని ఇంకో చీటీ రాశాను.

ఆ చీటీ చూసి, మరుసటి సంతరోజు డాక్టరుగారే రొప్పుతూ ఎక్కివచ్చారు.

"ఏమయ్యా, కొండకంతా బీపీయేనా? ముందు నాకు చూడు."

చూశాను. ఆయనకీ ఉంది.

ఆయన గోడకేసి చూశారు. "మొదటి నియమం చదువు."

"రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి."

"ఎక్కడ?"

గదంతా వెతికాను. దీపం కింద చీకటంటారు, నాకు వీపు వెనక చీకటి.

అప్పుడే మూటతో గుమ్మంలోకి వచ్చిన సుక్రమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలకు కోతి బుద్ధిగా చెట్టు దిగింది. కళ్ళు తిరిగేది మాత్ర ఎక్కువైనందుకేనని డాక్టరుగారు దాన్ని ఆపేశారు. నావైపు చూడలేదు.

"కూకోమని ముందే అనొచ్చు కదేటి" అంది సుక్రమ్మ. "మాకాడ ఎవులొచ్చినా ముందు పీటేత్తారు. నువ్వెయ్యలేదు. ఈ బాబుకి మనుసులు గిట్టరనుకుని అందరం బేగి ఎలిపోతన్నాం."

ఎనిమిది నెలలుగా నాతో మాట్లాడిన ఒక్కగానొక్క వాన గుర్తొచ్చింది.

ఆ రోజే సంతలో పీట కొన్నాను. ఇకమీదట ఏ మనిషినీ నిలబెట్టి కొలవనని పదకొండు నియమాల సాక్షిగా ప్రమాణం చేశాను. మరుసటి సంతకు సుక్రమ్మ పీటమీద గంటన్నర కూర్చుని ఊరందరి కబుర్లూ చెప్పింది. ఆవిడ ఎక్కుడు దిగిపోయాక గుర్తొచ్చింది, బీపీ చూడనేలేదు.