పళ్లెంలో తేట వలయం

పోయిన నెల ఒక పొద్దున మా మేడం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందన్నా. పుండు విషం రక్తానికెక్కింది. ఏ మందూ పనిచేయలేదంట." నేను టీ వడకడుతున్నాను. మొత్తం వడకట్టి, తాగకుండా పెట్టేశాను.

మేడం కర్నూలు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను ఆమె ల్యాబులో అటెండరును. ఐదో తరగతితో బడి మానేసిన నాకు, గాజుసామాను కడుగుతూ విన్నదే చదువు. ఒకసారి ఆమె బీకరులో టీ కాచాను. తిట్టలేదు. వారం రోజులు "శాస్త్రవేత్తగారూ" అని పిలిచారు. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు సంగతికి వస్తాను. ఆమె పని ఆకుల రసాలతో. "కోసిన వంకాయ గాలికి నల్లబడతాది కదప్పా, మన ఒంట్లో గూడా అట్టాంటిదే జరుగుతాంటాది. దాన్ని ఆపే గుణం ఏ ఆకులో ఉండాదో సూస్తాండా" అనేవారు. ఊదారంగు నీళ్లలో బందారు అనే కొండపొద ఆకు రసం పోస్తే పసుపుపచ్చగా తిరిగేవి. ఆ పరీక్ష ఎన్నిసార్లు చేసినా ఆకు నెగ్గింది.

రెండో పరీక్ష క్రిములది. కాగితాన్ని చిన్న బిళ్లలుగా గుద్ది, రసంలో ముంచి, క్రిములు పెంచిన పళ్లెంలో పెడతారు. రసానికి బలముంటే బిళ్ల చుట్టూ క్రిములు పెరగవు, తేట వలయం ఏర్పడుతుంది. రాజంపేట కొండల్లో ఒక బందారు పొద నుంచి తెచ్చిన ఆకుకు ఒకరోజు రూపాయంత వలయం వచ్చింది.

"ఏమప్పా, సూసినావా? పుండ్లతో కాళ్లు తీయించుకునేటోళ్లకు ఇది అక్కరకొస్తాది."

పళ్లెం పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. ఆ వలయం మళ్లీ రాలేదు. ఎక్కడ కోశారో గుర్తులేని ఆ ఒక్క పొదదే మహిమ అనుకుని, ఏటా వానలు వెనకబట్టాక బస్సెక్కి దాన్ని వెతకడానికి పోయేవారు. రిటైరయ్యాక కూడా మానలేదు.

తప్పు నాది. ఆ రోజు బిళ్లలు నింపింది నేను కురుపులకు మింగిన మాత్రల ఖాళీ సీసాలో. కడిగితే తడి ఆరదని తువ్వాలుతో తుడిచాను. సరిచూసుకోవడానికి పెట్టే రసం లేని బిళ్లల్ని మాత్రం అప్పటికప్పుడు గుద్ది ఇచ్చాను. వాటికి వలయం రాకపోయేసరికి గొప్పంతా ఆకుదే అనుకున్నారు. కొన్ని నెలలకు నాకు అనుమానం వచ్చింది. సీసాలో మిగిలిన ఒక బిళ్లను రసం లేకుండానే పళ్లెంలో పెట్టాను. మర్నాటికి రూపాయంత వలయం, సీసాకు అంటిన మాత్రల పొడి చేసిన పని. పళ్లెం శుభ్రంగా కడిగేశాను. ఎవరికీ చెప్పలేదు.

మొన్నటి వానల తర్వాత ఆ కొండలోనే ఆమె కాలికి ముల్లు దిగింది. అసలే షుగరు మనిషి. ఆసుపత్రిలో చూడబోతే నవ్వారు.

"నా పుండులో క్రిములకు ఉండే మందులన్నీ పెట్టి సూసినారంటప్పా. దేనికీ వలయం రాలేదంట. ఆ పొద దొరికింటే శానా బాగుండు."

"మేడం, ఆ పొద..." అన్నాను.

"తూర్పు వాలు నేను సూడలే. నువ్వు పోయి సూస్తావా?"

"పోతాను మేడం" అన్నాను.

పెద్దకర్మ నాడు వాళ్లింట్లో దండ వేసింది ఆ ఫోటోకే. మేడం రెండు చేతులా పళ్లెం పట్టుకుని ఉన్నారు. "అక్కకు ఈ ఫోటో అంటే ప్రాణం కదన్నా" అంది చెల్లెలు. తలూపాను. దండ బరువుకు జారి పూలు ఫోటోలోని పళ్లెం మీదికి వచ్చాయి. చెల్లెలు లేచి, వలయం కనిపించేలా, పూలను ఒక్కొక్కటిగా పక్కకు సర్దింది.